ఎర్ర రిబ్బను

“పందెం ఆపెయ్యండి మాస్టారూ,” అంది నర్సు.

“ఇంకో మూడు రౌండ్లేగా! నోరు మూసుకుని నీళ్ళివ్వు,” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

మైదానం పెనంలా కాలుతోంది. యాభై దాటిన ఆడవాళ్ళ పరుగు ఆరింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి నిద్రలేచి, తల దువ్వుకుని వచ్చేసరికి తొమ్మిదయింది. ఆయన టెంటు కింద ఫ్యాను పక్కన కూర్చున్నాడు. పరిగెత్తేవాళ్ళ నెత్తిన మాత్రం ఎండ.

నర్సు బల్ల పక్కన పెద్ద టబ్బులో ఐసు, అందులో నీళ్ళ సీసాలు. బల్ల దగ్గర ఒక నియమం ఉంది. రౌండుకోసారి ప్రతి మనిషీ అక్కడ ఆగాలి. రెండు గుక్కలు తాగాలి. నర్సు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఎండ తలకెక్కితే కాళ్ళకంటే ముందు తడబడేది మతి. జవాబు తప్పితే మణికట్టుకి ఎర్ర రిబ్బను. అది పడ్డాక దేవుడు దిగొచ్చినా మళ్ళీ పరుగు లేదు. పదిహేను మందిలో ఇప్పటికి ఆరుగురికి పడింది. ఒకావిడ తన ఇంటి నంబరే మర్చిపోయింది.

అందరికంటే ముందు వస్తున్నది నర్సు అత్తగారు. అరవై రెండేళ్ళు. జనం పెట్టిన పేరు బుల్లెట్టు. వెనకాల పది గజాల్లో టైలరమ్మ, మిషను తొక్కి తొక్కి ఉక్కు చేసుకున్న కాళ్ళతో తరుముకొస్తోంది.

“అత్తయ్యా, ఇవాళ ఏ వారం?”

“నా ఖర్మ కాలిన వారం! ఆదివారం!” అత్తగారు గ్లాసు లాక్కుంది. “ఇదేం పొయ్యడమే, అడుగు తడిసేలా? మీ పుట్టింటి పిసినారితనం నా దగ్గర చూపించకు!”

జనం ఘొల్లుమన్నారు. మాస్టారూ నవ్వాడు. “గట్టిపిండం. నీకెందుకమ్మా భయం?”

“ముఖం చూశారా? కందగడ్డలా ఉంది.”

“నిన్ను చూసిన కోపం అది.”

ఎనిమిదో రౌండు.

“ఎనిమిదీ ఏడూ ఎంత అత్తయ్యా?”

“పదిహేను! నాకా లెక్కలు నేర్పేది? ముందు నువ్వు పాలు పొంగిపోకుండా కాచడం నేర్చుకో!”

తొమ్మిదో రౌండుకి టైలరమ్మ రెండు గజాల్లోకి వచ్చేసింది. మైదానమంతా లేచి నిలబడింది. డబ్బాలు మోగుతున్నాయి. ఈలలు. ముఖ్య అతిథి మైకు లాక్కుని “బుల్లెట్టు! బుల్లెట్టు!” అని గొంతు చించుకుంటున్నాడు. మాస్టారు కుర్చీ ఎక్కి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి పందెం చూడలేదు. ఎవరు గెలిచినా పేరు తనదే.

ఇద్దరూ బల్ల దగ్గర ఒక్కసారే ఆగారు. టైలరమ్మ తాగింది, చెప్పింది, దూసుకుపోయింది.

“అత్తయ్యా, ఇంకెన్ని రౌండ్లు?”

“ఒకటి.”

తడబాటు లేదు. అత్తగారు గ్లాసు అందుకుంది. కోడలి వైపు చూసి ఇంకేదో అంది. మైకు హోరులో మాస్టారికి ఆవిడ పెదవులు కదలడమే కనిపించింది.

నర్సు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అత్తగారి చెయ్యి గబుక్కున పట్టుకుని ఎర్ర రిబ్బను కట్టేసింది. నడుం చుట్టూ చెయ్యి వేసి నేల మీద కూర్చోబెట్టేసింది.

మైదానం భగ్గుమంది.

“అత్త గెలుస్తుంటే కోడలికి కడుపుమంట!”

“ఇన్నేళ్ళ కసీ ఒక్క ముడితో తీర్చుకుంది, మహాతల్లి!”

మాస్టారు ఊగిపోతూ పరిగెత్తుకొచ్చాడు. “విప్పు రిబ్బను! జవాబు సరిగ్గానే చెప్పిందిగా! చెమట పడుతోంది, ఇందాకటిదాకా కాళ్ళ మీదే నిలబడింది, ఇంకేం కావాలి నీకు? మీ ఇంటి గొడవలు తీర్చుకోడానికి నా మైదానమే దొరికిందా?”

“తిట్లు తర్వాత. ముందు ఐసు టబ్బులో సీసాలు తీసెయ్యండి!”

“తియ్యను. నీ ఉద్యోగం ఊడగొడతాను, చూస్తూ ఉండు.”

“ఊడగొట్టండి. మనిషి చచ్చిపోతుంది మాస్టారూ!”

ఆ కేకకి మాస్టారి చేతులు వాటంతటవే కదిలాయి. సీసాలు తీసి విసిరేశాడు. ఈలోగా నర్సు థర్మామీటరు చూసి ఆయన ముఖానికెదురుగా పెట్టింది. నూట అయిదు దాటింది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ఎత్తి మెడ దాకా ఐసు నీళ్ళలో కూర్చోబెట్టారు. ఇంకో రౌండు పరిగెత్తనిచ్చి ఉంటే గీత దాకా చేరేది మనిషి కాదు, శవం.

అవతల టైలరమ్మ గీత దాటింది. ఎవరూ చూడలేదు. ముఖ్య అతిథి మైకు కింద పెట్టి మెల్లగా కారెక్కాడు.

ఆంబులెన్సు వచ్చేసరికి పావుగంట పట్టింది. అప్పటికి జ్వరం నూట రెండుకి దిగింది. అత్తగారు కళ్ళు తెరిచింది. తన మణికట్టు చూసుకుంది. కోడల్ని చూసింది.

“ముదనష్టపుదానా! చేతికొచ్చిన పందెం చెడగొట్టావు కదే! అవతలకి పో, నీ మొహం చూపించకు!”

నర్సు కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. ఏడుస్తూనే నవ్వింది. “గండం గడిచింది మాస్టారూ.”

మాస్టారు తలెత్తలేకపోయాడు. “అడిగినవన్నీ సరిగ్గానే చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. మతి తప్పిందని నీకెలా తెలిసిందమ్మా?”

నర్సు చెంగున లేచి స్ట్రెచరు ఒక కొస పట్టుకుంది.

“ ‘ఎండన నిలబడ్డావు, ముందు నువ్వు తాగు బంగారు తల్లీ’ అంది మాస్టారూ, నన్ను.”