రాయబారి పొట్ట

“ఢిల్లీల ఎంబసీ మీద రాళ్లేసిండ్రట. బోధన్‌ల మనం గాజులు తొడుక్కొని కూసుందమా?”

టీ హోటల్ బల్ల ఎక్కి రాజారాం గర్జించాడు. బల్ల కిర్రుమంది. రాజారాం యువజన సంఘం అధ్యక్షుడు. ఎక్కడికి వెళ్లినా ముందు ఆయన పొట్ట వెళ్తుంది, వెనక ఆయన వెళ్తాడు.

సంగతి చిన్నదేం కాదు. ఏదో దూరదేశంలో ఎవడో సినిమా తీశాడట. అందులో ఏ ఒక్క దేవుణ్ణీ వదలకుండా వెక్కిరించాడట. ఊళ్లో ఆ సినిమా చూసినవాడు ఒక్కడూ లేడు. చూడలేదు కదా అని ఎవరూ కోపం తగ్గించుకోలేదు. అయితే దేవుళ్లందర్నీ ఒకే దెబ్బకు తిట్టడం వల్ల ఒక మేలు జరిగింది. ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగా ఉండే రాజారామూ, అత్తరు దుకాణం గులామూ ఇవాళ ఒకే బల్ల మీద నిలబడ్డారు. పాపం, బల్ల!

“ఏం బస్సు? నిజామాబాద్ బస్సా?” అన్నాడు చెవుడున్న కాశయ్య.

“బస్సు గాదు కాకా, ఎంబసీ! పరదేశపు రాయబారి ఉండే జాగ.”

“గట్లయితే మనూర్ల గూడ ఉన్నది గదనే!” టీ తాగుతున్న ముత్తన్న లేచాడు. “బస్టాండ్ ఎన్కకు. ఇంత పెద్ద బోర్డు!”

ఆ బోర్డు నిజమే. ఎంబసీ టైలర్స్. దర్జీ ఆత్మారాం బొంబాయిలో కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఎక్కడో ఆ మాట చూశాడు. అర్థం తెలియదు కానీ గంభీరంగా ఉందని పెట్టుకున్నాడు. ‘ఎంబసీ’ రాసేసరికి పెయింటర్‌కు జాగా అయిపోయింది. ‘టైలర్స్’ అన్నది ఓ మూలన చీమలబారులా ఉంటుంది.

ఆ వారం ఆత్మారాం ప్రాణాలన్నీ ఒక సూటు మీద ఉన్నాయి. బోధన్‌లో సూటు కుట్టించుకునేవాడు దొరకడమే గగనం. అతని చేతిలో ఉన్నదీ ఆ ఒక్కటే. అది కుదిరితే షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్లంతా తన దగ్గరికే వస్తారని అతని ఆశ. నిండుగా కనబడాలని కొయ్యబొమ్మకు ఎండిన చెరుకాకు చుట్టి, దాని మీద సూటు తొడిగి, నలగకుండా అద్దాల అల్మారాలో నిలబెట్టాడు. గిరాకీ వచ్చి తీసుకెళ్లేదాకా దాని మీద ఈగ వాలినా అతనికి గుండె ఆగేది.

వాలింది ఈగ కాదు, ఊరు.

“బొమ్మను కాలబెట్టాలె!” దుకాణం ముందు నిలబడి రాజారాం అరిచాడు.

ఆయన అన్నది సినిమా గురించే. మన దగ్గర సినిమాను బొమ్మ అనే అంటాం కదా. కానీ తగలబెట్టడానికి ఆ బొమ్మ ఎక్కడుంది? ఈ బొమ్మ మాత్రం ఎదురుగా ఉంది. పైగా సూటులో ఉంది.

“గాడున్నడు రాయబారి!” అన్నాడు ముత్తన్న.

అద్దం భళ్లుమంది. ఆత్మారాం మెడలో టేపుతో పరుగెత్తుకొచ్చాడు.

“రాజారాం తమ్మీ, బొమ్మను ఏమన్న చేసుకో. బట్టలు మాత్రం ఇడిచిపెట్టు.”

“రాయబారిని బరిబత్తల కాలబెడ్తరానె? మనకు మర్యాద లేదా?”

“నీ మంచికే చెప్తున్న. గా సూటు...”

“బెదిరిస్తున్నవా? దేవుని పనికి అడ్డమొస్తవా?”

“డౌన్ డౌన్!” అన్నారు జనం.

గులాంకు జాలేసింది. “ఆత్మారాం భాయ్, పబ్లిక్ గరం మీదున్నది. జర లోపట కూసో,” అని అతన్ని దుకాణంలోకి నెట్టి షట్టర్ దించేశాడు. ఆత్మారాం లోపలి నుంచి దాన్ని దబదబా బాదుతూ ఏదో అరిచాడు. బయటివాళ్లు ఆ చప్పుడుకే లయ కలిపి నినాదాలు ఇచ్చారు. డప్పు అద్దెకు తేలేదన్న లోటు తీరింది.

బొమ్మను చెరుకు బండి మీదికి ఎక్కించి చెప్పుల దండ వేశారు. రాజారాం దాని పొట్ట మీద చరిచాడు.

“సూడుండ్రి పొట్ట! పనిపాట లేకుంట తిని తిని దున్నపోతు లెక్క బలిసిండు!”

జనం ఈలలు వేశారు. గులాం కోటు అంచును వేళ్లతో నలిపి చూశాడు.

“బట్ట జబర్దస్తున్నది రాజారాం. అయ్యో అనిపిస్తున్నది. ఇప్పేద్దామా?”

“ఒక్క గుండీ గూడ ముట్టద్దు. పాపిష్టి గుడ్డ!”

బొమ్మను బండి దించి నడిరోడ్డు మీద నిలబెట్టాక అగ్గిపుల్ల ఆయనే గీశాడు. ఎండిన చెరుకాకు కదా, భగ్గుమంది. కాలరు నుంచి కాళ్లదాకా సూటంతా నిమిషంలో బూడిదైంది. ఢిల్లీకి బోధన్ ఏమీ తీసిపోలేదన్న తృప్తితో అందరూ టీలకు వెళ్లిపోయారు.

రాజారాం వెనక్కి వచ్చి షట్టర్ ఎత్తాడు. ఆత్మారాం మిషను పక్కన చతికిలబడి ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు.

“మనసుల పెట్టుకోకు ఆత్మారామన్నా. దేవుని పని గదా,” అంటూ రాజారాం చెమట తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, ప్రేమగా అతని భుజం మీద చెయ్యేశాడు. “సరే గని, ఇగ నా పెండ్లి సూటు తియ్యి, మా మామ హైదరాబాద్‌ల కొని సీద నీ చేతికిచ్చిన గా బట్టను నేను ఇంతవరకు కంటితోటి సూడనే లేదు.”