పట్టకూడని చెయ్యి

“వదలండి! ముందు ఆ చెయ్యి వదలండి!”

పహిల్వాన్ ఉలిక్కిపడి వదిలేశాడు. దర్జీ మణికట్టు విదిలించుకుంటూ గదంతా గెంతాడు.

“నా బతుకుతెరువండీ ఈ చెయ్యి! రేపు స్కూలు యూనిఫారాలు ఎవరు కుడతారు, మీరా?”

“తాకిందంటే చాలు, వేళ్లు వాటంతటవే మూసుకుంటున్నాయి,” అన్నాడు పహిల్వాన్.

ఇరవై ఏళ్ల కుస్తీ. దొరికింది పట్టుకోవడం, పట్టుకున్నది వదలకపోవడం. అందుకే అతనికి కప్పులిచ్చారు, దండలు వేశారు. ఆ దండలు వేసినవాళ్లలో ఒక్కడూ ఇప్పుడు పలకరించడు. పట్టు మాత్రం మిగిలింది, రోగంలా.

వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నేర్పే ఆ గది టైర్ల కొట్టు మీద ఉంది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే చెమట వాసన. నేర్పేది పాతికేళ్ల అమ్మాయి. తాతలాంటివాళ్లు కూడా ఆమెను మాస్టరమ్మ అనే పిలుస్తారు.

“కుస్తీలో ఎదుటి మనిషిని మీ దగ్గరికి లాక్కుంటారు,” అంది ఆమె. “ఇక్కడ లాగడం లేదు. వచ్చే గుద్దుకు ముంజేయి ఆనించండి చాలు. అది ఎటు పోవాలనుకుంటోందో మీ చర్మానికి తెలుస్తుంది. అటే పోనివ్వండి. మీ ముక్కు మాత్రం దారిలో లేకుండా చూసుకోండి.”

“అంటే కొట్టేవాళ్లకు దారి చూపించాలి.”

“మర్యాదగా.”

పహిల్వాన్ పగలబడి నవ్వాడు. ఇంత వయసొచ్చాక చేతులకు కొత్త పని దొరికింది. మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ పట్టాడు. దర్జీ మళ్లీ అరిచాడు.

నీళ్లు తాగడానికి ఆగినప్పుడు దర్జీ పక్కన కూలబడ్డాడు.

“ఇంతకీ ఎవరండీ మీ ప్రత్యర్థి? ఆదివారం, ఆదివారం అని కలవరిస్తున్నారు. బరువెంత?”

“నాలో సగం ఉండదు.”

“సగమా! ఒక్క పట్టు పడితే అయిపోయె!”

“పట్టే పట్టకూడదు. పోయినసారి పట్టాను. మణికట్టు మీద నల్లగా మచ్చ పడింది. ఇంకో మచ్చ కనబడిందంటే నన్ను తప్పించేస్తారు.”

“ఎవరు, కమిటీవాళ్లా?”

“కమిటీ అయితే కాళ్లావేళ్లా పడేవాణ్ణి.”

“మరి అతను మిమ్మల్ని కొట్టొచ్చా?”

“కొట్టొచ్చు, గిల్లొచ్చు, రక్కొచ్చు.”

“ఇదెక్కడి పోటీ అండీ! రూల్సన్నీ మీకేనా? అసలు మీరెవరో తెలిసే కొడుతున్నాడా?”

“తెలియకే.”

దర్జీ తొడ చరిచి నవ్వాడు. “అదీ సంగతి! తెలిస్తే పారిపోయేవాడు!”

పహిల్వాన్ నవ్వలేదు. దర్జీ గొంతు తగ్గించాడు. “పోనీ తప్పుకోండి. మీ చోట ఎవడో కొత్తవాడొస్తాడు, వాడే తింటాడు దెబ్బలు.”

“కొత్తవాళ్లు తినరు. కట్టిపడేస్తారు.”

“మంచిదేగా!”

“మీకు మంచిదే,” అని పహిల్వాన్ లేచాడు. “రండి, కళ్లు మూసుకుని చేద్దాం.”

కళ్లు మూసుకున్నాక తేడా తెలిసింది. దర్జీ ముంజేయి అతని ముంజేతి మీద ఆనింది. ఆ చేతి లోపల ఏదో బిగిసింది. గుద్దు రాబోతోందని చేతికి ముందే తెలిసిపోయింది. మోచెయ్యి కాస్త కదిపాడు. గుద్దు చెవి పక్కనుంచి పోయింది. వేళ్లు తెరిచే ఉన్నాయి.

“వెళ్లిపోయింది!” అని అరిచాడు. “మాస్టరమ్మా, చూశారా? దానంతటదే వెళ్లిపోయింది!”

“మళ్లీ,” అంది మాస్టరమ్మ. ఆమె కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ సాయంత్రం అతను మెట్లు దిగుతూ కూడా గాలిలో చేతులు తిప్పాడు. టైర్ల కొట్టువాడు తలెత్తి, “ఏంటి పహిల్వాన్‌గారూ, ఈగలా?” అన్నాడు.

“గుద్దులు!” అన్నాడు పహిల్వాన్, ఇల్లు చేరేదాకా చేతులు ఆపకుండా.

ఆదివారం వచ్చింది. పహిల్వాన్ ఉంగరం తీసి పక్కన పెట్టాడు. గోళ్లు మరోసారి చూసుకున్నాడు. తీర్పు చెప్పవలసిన మనిషి చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ ముఖంలో జాలి లేదు. అతను కోరుకోనూ లేదు.

ఎదుటి మనిషి వీపు గోడకు ఆనింది. ఆ కళ్లు అతన్ని ఎన్నడూ చూడనట్టు చూశాయి.

అడుగు ముందుకు వేశాడు. మొదటి గుద్దు సూటిగా ముక్కు మీదకు వచ్చింది. ముంజేయి ఆనించాడు. పోయింది. రెండోది వెంటనే. అదీ పోయింది. మూడోసారి గోళ్లు చెంప గీరాయి. అతని వేళ్లు మూసుకోబోయాయి, సగంలో ఆగాయి, తెరుచుకున్నాయి. ఇంకో గుద్దు. ఇంకోటి. ప్రతిదాన్నీ దారి చూపించి పంపాడు. క్రమంగా వాటిలో బలం తగ్గింది. చివరికి ఆ రెండు చేతులూ అలిసిపోయి అతని ముంజేతుల మీదే వాలాయి.

గుమ్మంలోని మనిషి దగ్గరికి వచ్చి ఆ మణికట్లు తిప్పి చూసింది.

“మచ్చ లేదు,” అంది. “సరే తమ్ముడూ. ఆయాను పెట్టను. నువ్వే ఉండు.”

పహిల్వాన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. కదలలేదు. తన మీద వాలిన ఆ చేతులను అలాగే ఉండనిచ్చాడు.

“అమ్మా, ఇక స్నానానికి వెళ్దామా?” అన్నాడు.