తెర చూడకుండా పాడిన పాట

ఒతారు ఊరి రేవులో హత్సుయో నడిపే కరోకే బారులోకి మధ్యాహ్నం ఎవరో కొత్త మనిషి వచ్చాడు. ఊళ్లో అందరూ పాడే ఆ పాప్ గాయని పాటే పెట్టమన్నాడు.

"తెర మీకు కనబడుతోందా?"

"తెరెందుకక్కా? కళ్లు మూసుకుని పాడేస్తా!"

అన్నట్టే పాడాడు. చివర్లో, తెర మీద "మంచు కరగగానే వస్తాను" అని పడుతుంటే, "మంచు కరగగానే కనిపిస్తాను" అన్నాడు.

గ్లాసు తుడుస్తున్న హత్సుయో చెయ్యి ఆగిపోయింది. అలా తప్పు పాడేది లోకంలో ఒక్కతే, చెల్లెలు మినెకో. ఎంత తిట్టినా దిద్దుకోలేదు. జనవరిలో ఇంటికని బయల్దేరి, ఇంతవరకూ చేరలేదు.

"ఎవరు నేర్పారండీ?" నవ్వు తెచ్చుకుని అడిగింది.

"నేర్పడమేంటి! మొన్న చలికాలం నా కారెక్కిన పిల్ల దారి పొడుగునా ఇదే పాట. చెవులు చిల్లులు పడ్డాయనుకో!"

"పాపం, ఎక్కడ దింపారు?"

అతని నవ్వు ఆగింది. ఒకసారి తెరకేసి చూశాడు. ఒకసారి ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కిటికీ బయట, చూరు నుంచి ధారగా కారుతున్న నీళ్లకేసి చూస్తూ కోటు అందుకున్నాడు.

"ఈ ఏడు మంచు అప్పుడే కరిగిపోతోందే, అక్కా!"