మీది ఏ వీధి?

మూడు గాజు సీసాల్లో మధ్యది ఇంకా ఖాళీగానే ఉంది.

సూపర్ మార్కెట్ ముందు, కార్లు ఆపే స్థలంలో కౌన్సిల్ వాళ్ళ బల్ల. బల్ల వెనక మెరిన్. ఈ ఏడాది బడ్జెట్‌లో మిగిలిన కాస్త డబ్బు దేనికి పెట్టాలో మురాండా ఊరి జనమే చెప్పాలి. వచ్చినవాళ్ళు తమ వీధి పేరు చెబితే మెరిన్ తలా ఐదు గోళీలు ఇస్తుంది. నచ్చిన సీసాలో వేసి పోవడమే.

మొదటి సీసా రోడ్లకు. మధ్యది, పాత పశువుల సంత స్థలంలో చవక అద్దె ఇళ్ళకు. మూడోది నది ఒడ్డున రాత్రి గస్తీకి. అక్కడ చెట్ల కింద కొందరు కార్లలో పడుకుంటున్నారు. వాళ్ళను అక్కడి నుంచి పంపించేయడానికి. ఎక్కువ గోళీలు ఏ సీసాలో పడితే, మంగళవారం కౌన్సిల్ సభ్యులు దానికే చేతులెత్తి ఓటేస్తారు.

అద్దె ఇళ్ళ పథకం మెరిన్‌దే. రెండేళ్ళు కూర్చుని గీసింది. ప్రతి వంటింటికీ తూర్పు వైపు ఒక కిటికీ పెట్టింది, పొద్దున టీ కాచుకునేటప్పుడు ఎండ పడేలా. ఈసారి తప్పితే ఇక ఎవరూ ఆ ఊసెత్తరు. సాయంత్రంలోగా మధ్య సీసా నిండాలి. ఆమెకు అంతే కావాలి.

పక్కనే ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు సాసేజీలు కాల్చి, వేయించిన ఉల్లిపాయలు వేసి, రొట్టెముక్కలో చుట్టి అమ్ముతున్నారు. చలికాలపు ఎండ గోళీల్లోంచి దూరి బల్ల మీద రంగు చుక్కలు చల్లింది. చూడముచ్చటగా ఉంది. మెరిన్‌కు ఏమీ అనిపించలేదు.

గొర్రెల రైతు డెస్ ఐదు గోళీలూ రోడ్ల సీసాలో గుమ్మరించాడు.

“మా గేటు ముందు గుంత చూశావా? వాన పడితే గాలం వేసుకుని కూర్చోవచ్చు. మా ఆవిడ నూనె కూడా కాచి పెట్టింది.”

“రాసుకుంటానండి,” అంది మెరిన్.

తర్వాత నోలా హార్ట్‌నెట్ వచ్చింది. విల్గా వీధి. గులాబీ రంగు ఉన్ని టోపీ. ఒక్కో గోళీనీ ఎండకు ఎత్తి చూసుకుంటూ మూడో సీసాలో వేయసాగింది. మెరిన్ చూపు మధ్య సీసా మీదికి పోవడం కనిపెట్టింది.

“అటు చూడకమ్మాయ్. దానికి నా చేతి నుంచి ఒక్కటీ రాదు. ఎవరొస్తారు ఆ ఇళ్ళల్లోకి? ఆ కార్లలో పడుకునే బాపతేగా.”

“వాళ్ళలో పనులు చేసుకునేవాళ్ళూ ఉన్నారండి.”

“పని ఉన్నవాళ్ళకు ఇల్లుండదా? చెప్పొచ్చావు. అంత ప్రేముంటే నీ ఇంటి పక్కనే కట్టించుకో.”

“మీ అభిప్రాయం మాకు చాలా విలువైనదండి.”

పొద్దుటి నుంచి అదే మాట, అదే గొంతుతో. నోలా సంతృప్తిగా సాసేజీల వరసలోకి వెళ్ళి నిలబడింది.

టియానా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వృద్ధుల ఆశ్రమంలో ఆయా. పని దిగి నేరుగా వచ్చినట్టుంది, నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. చెయ్యి చాపింది.

“ఇటివ్వు. ఐదూ మధ్యదాంట్లోనే వేస్తా.”

“మీది ఏ వీధి?”

టియానా చాపిన చెయ్యి దించలేదు.

“నువ్వు అడుగుతున్నావా, నన్ను?”

“అందరినీ అడగాలి. వీధి చెప్పనివాళ్ళకు ఇవ్వకూడదు. అది నియమం.”

“నది ఒడ్డు అని రాసుకో.”

“అది వీధి కాదు.”

“చూశారా?” అంది నోలా, సాసేజీల దగ్గరి నుంచే, పక్కవాళ్ళకు వినబడేలా. “నేను చెప్పలా?”

ఏదో ఒక వీధి పేరు చెప్పేస్తే సరిపోయేది. టియానా చెప్పలేదు. మెరిన్ అందించలేదు.

“సరే, నియమమేగా,” అని టియానా వెళ్ళిపోయింది.

నీడలు సాగాక జనం పలచబడ్డారు. మెరిన్ పెట్టెలోంచి ఒక గోళీ తీసింది. ఆకుపచ్చది, లోపల పాలచార లాంటి గీత. కౌన్సిల్‌లో పనిచేసేవాళ్ళు గోళీ వేయకూడదు. గుప్పిట్లో వెచ్చబడేదాకా పట్టుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

బల్ల మడవడానికి లైల్ వచ్చాడు. పార్కుల్లో, నది వెంబడి కౌన్సిల్ తరఫున తిరిగే మనిషి అతనే.

“మూడోది మూత దాకా వచ్చేసిందే. అంటే బుధవారం నుంచి నాకు రాత్రి డ్యూటీ పడ్డట్టే. మా ఆవిడ పండగ చేసుకుంటుంది, గురక బాధ తప్పిందని.”

“ఆఁ.”

“నీదేంటి, అడుగైనా నిండలేదు?”

“లేదు.”

“మనసులో పెట్టుకోకు మెరిన్. కాగితం మీద గీతలేగా, పోతే పోయాయి. వాళ్ళు వద్దంటే నువ్వేం చేస్తావు? ఇంటికెళ్ళి వేడిగా సూపేదైనా తాగి పడుకో.”

“అలాగే,” అంది మెరిన్.

సీసాలను డిక్కీలో సర్ది, కారెక్కింది.

నది ఒడ్డున, మెరిన్ తానున్న అద్దె ఇంటిని యజమాని అమ్మేసినప్పటి నుంచి రోజూ ఆపే చోటే, టియానా కారు పక్కన కారు ఆపి, కిటికీ దించి, “బుధవారం లోపు మనిద్దరం ఇంకో చోటు చూసుకోవాలి” అని చెప్పింది.