తొలగింపు కమిటీ

డిస్కు నిండిపోతోంది. సర్కారు ప్రోగ్రాముల కోడు జనానికి చూపించే మా బిష్కెక్ సైటు ఆగిపోతే ఇంజనీరు బేగిమాయ్ ఉద్యోగం ఊడుతుంది.

“తెరిచిన ప్రతి పేజీకీ సైటు ఓ కాపీ దాచుకుంటుంది సార్. ఆ కాపీలు తుడిచేస్తే చాలు,” అందామె.

“సర్కారు సొత్తమ్మా, నీ వంటింటి గట్టు కాదు తుడిచెయ్యడానికి! కమిటీ వేద్దాం. ముగ్గురమూ ప్రతి పేజీ తెరిచి చూసి సంతకం పెట్టాలి,” అన్నాడు డైరెక్టరు జిర్గల్‌బెక్.

మూడో సభ్యుణ్ణి నేను, కాపలావాణ్ణి.

వాళ్ళిద్దరూ పొద్దుటినుంచీ తెరుస్తూనే ఉన్నారు. మధ్యాహ్నానికల్లా సైటు ఆగింది.

“తెరిచినకొద్దీ కొత్త కాపీలు పడ్డాయి సార్!”

డైరెక్టరు నావైపు తిరిగాడు. “నువ్వెన్ని తెరిచావు పెద్దాయనా?”

“ఒక్కటీ తెరవలేదు. సంతకం తప్ప నాకు చదువు రాదు.”

ఊడింది నా ఉద్యోగం. కమిటీ పనిలో నిర్లక్ష్యమట.