ఖాళీ గడి

ఇంజినీరు పిల్ల సంచీ సర్దుతోంది. ఉక్కు టేపు, టోపీ, నీళ్ల సీసా, ఒక జత బట్టలు. రెండింటి బస్సు అందుకోవాలి.

రిజిస్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూస్తోంది. ఆఫీసులో ఆమెను అందరూ పిలిచేది ఆ పేరుతోనే. ముప్పై నాలుగేళ్లుగా ఈ నదీలోయలోని బావుల లెక్కలు ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఏటా వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి కొలతగాళ్లు వెళ్లి ఏ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసి వస్తారు. ఆమె గడుల్లో నింపుతుంది. ఎవరైనా ఒక బావి ఎగ్గొట్టి వచ్చి నసిగితే, పల్లెత్తు మాట అనకుండా పక్క బావుల సగటు వేసేస్తుంది. అందుకే కొలతగాళ్లకు ఆమె అంటే ప్రాణం.

ఇప్పుడా లెక్కలన్నీ కంప్యూటరుకు ఎక్కిస్తున్నారు. కాలువకు ఎన్ని నీళ్లు వదిలితే నేలలో ఎంత ఊరుతుందో, మోటార్లు ఎంత తోడితే ఎంత దిగుతుందో అది ముందే చెబుతుందట. కాకపోతే దానికి ఖాళీ గడి పనికిరాదు. నాలుగువందల పన్నెండు బావులు, పాతికేళ్ల కొలతలు. అన్నీ నిండాక ఒక్క గడి మిగిలింది. అరవై మూడో బావి, ఇరవై రెండేళ్ల కిందటిది, వానల తర్వాతి కొలత.

"సగటు వేసెయ్యవే తల్లీ," అంది రిజిస్టరమ్మ. "కొంపలేం మునగవు."

"ఇన్నింటికి వేసిన మీరు దీన్నెందుకు వదిలేశారు పెద్దమ్మా?"

"మరిచిపోయి ఉంటాను."

"దీనికి సగటు కుదరదు. రెండు కాలువల మధ్య ఉన్నది ఈ బావి ఒక్కటే. ఇది తప్పితే ఆ పక్కంతా తప్పుతుంది. అక్కడి రైతు ఏటా వానలు వెలిశాక నీళ్లు ఎక్కడున్నాయో బావి లోపలి గోడ మీద రంగుతో గీత పెడతాడట. పక్కన సంవత్సరం కూడా వేస్తాడట. గట్టు మీంచి వంగి టేపు వదిలితే చాలు."

వంగి అన్న మాట దగ్గర రిజిస్టరమ్మ చేతిలో పెన్ను ఆగింది.

"అది మట్టిగట్టు. వానలకు నాని ఉంటుంది."

"మీరు చూశారా?"

"ఎవరో అనగా విన్నాను."

రెండేళ్ల కిందట బదిలీ మీద వచ్చిన మ్యాపుల గుమస్తా పక్క బల్ల నుంచి నవ్వాడు. "ఆవిడ మాట వినకమ్మాయ్! ఆవిడవన్నీ కాకిలెక్కలు. కుర్చీ కదలకుండా నదిని కూడా పుట్టించగలదు."

రిజిస్టరమ్మ పట్టించుకోలేదు. లేచి వచ్చి సంచీలో చెయ్యి పెట్టి వెతికింది.

"సుద్దముక్క ఏదీ? టేపు చివర బారెడు సుద్ద రుద్దితేనే కదే తడి ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేది! అద్దం పెట్టుకున్నావా? ఎండ లోపలికి కొట్టకపోతే నీకేం కనిపిస్తుంది? ఇవేవీ తెలీకుండానే బయలుదేరావా?"

"ఇన్ని తెలిసిన మీరే రాకూడదూ?"

"నేనెప్పుడూ ఈ కుర్చీ దిగలేదు," అంది రిజిస్టరమ్మ.

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి పెద్దమ్మా. ఆ గడిలో మీ పాత తప్పేదో ఉంది. నేను వెళ్తే బయటపడుతుందని మీ భయం. అవునా?"



"అవుననుకో," అంది రిజిస్టరమ్మ.

"ఎవరితోనూ అననులెండి. అంకె తెచ్చి వేస్తాను, అంతే." నవ్వి, భోజనానికి వెళ్లింది.

గుమస్తా కూడా వెళ్లాక రిజిస్టరమ్మ అడుగు సొరుగు తాళం తీసింది. అరచేతిలో పట్టేంత పుస్తకం. ఎప్పుడో తడిసి, ఉబ్బి, ఎండి బిగుసుకుపోయింది. పెన్సిలు రాత గనుక చెరగలేదు. చివరి పేజీలో బావి నంబరు అరవై మూడు. తేదీ. వేళ, ఉదయం పదకొండుంబావు. లోతు రాయాల్సిన చోట ఏమీ లేదు.

ఆ పేజీ మీద చెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది.

తర్వాత పెన్సిలు చెక్కింది. సరిగ్గా పదకొండో పన్నెండో వేస్తే అనుమానం వస్తుంది. 11.47 అని రాసింది. నాలుగును నెత్తి కలపకుండా రాయడం ఆ పుస్తకం రాసిన కొలతగాడి అలవాటు. ఆమె కూడా కలపలేదు. కొత్త గీత మెరుస్తుంటే వేలితో మెల్లగా రుద్ది మాపింది.

పిల్ల వచ్చేసరికి పుస్తకం బల్ల మీద ఉంది.

"దొరికిందే తల్లీ! పాత కొలతగాడి పుస్తకం. సొరుగులో అడుగున పడి ఉంది."

పిల్ల తేదీ చూసింది. తెర మీద పక్క బావుల అంకెలు చూసింది. ఎగిరి గంతేసినంత పని చేసింది. "అచ్చంగా సరిపోయింది! వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊళ్లు తిరగబోయాను కదండీ!"

అంకె కొట్టింది. గడి నిండింది. కంప్యూటరు కిమ్మనలేదు.

సంచీలోంచి టేపు పిల్ల తీసింది. బట్టలు మాత్రం రిజిస్టరమ్మ తీసింది. నలగని చొక్కాను రెండుసార్లు సాపు చేసి పిల్ల చేతిలో పెట్టింది.

"పెందలాడే ఇంటికెళ్లు. మీ అమ్మకు కనబడు."

పుస్తకం మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేసింది.

ఇరవై రెండేళ్ల కిందట, వానలు వెలిసిన వారానికి, ఆ ఒక్క బావీ వదిలేసి జ్వరంతో ఇల్లు చేరి 'సగటు వేసెయ్యవే' అని బతిమాలిన కొలతగాడికి, కొలవని అంకె తన రిజిస్టరులోకి ఎక్కదని చెప్పి, మర్నాడే మళ్లీ సంచీ సర్ది పంపింది అతని భార్య రిజిస్టరమ్మే. అతను తిరిగి రాలేదు.