కొప్రివా దెబ్బలు

పక్కింటి త్సోనా కుంటుకుంటూనే వచ్చి తలుపు ధడాలున తోసింది. ఆమె వెనకే ఊరి పెద్ద స్తామెన్.

"చూడు పెద్దాయనా, నీ కళ్లతోనే చూడు! అత్తగారిని ఎలా చావబాదుతోందో!"

దాఫినా కొయ్యబారిపోయింది. చేతిలో కొప్రివా కొమ్మల కట్ట ఉంది. ముట్టుకుంటే చాలు, ఒళ్లు దద్దుర్లెక్కి మండిపోయే మొక్క అది. ఎదురుగా మంచం మీద అత్తగారు వెలికా, పావడా పైకి లాక్కుని కూర్చుంది. మోకాళ్లు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"మోకాళ్ల నొప్పులకి మందు..." అని నసిగింది దాఫినా.

"ఆ మందు నాకూ తెలుసులే! మందు వేసేవాళ్లు మెల్లిగా తడతారు. నువ్వు పళ్లు కొరుకుతూ బాదుతున్నావు. ముందు తిట్లు, తర్వాత దెబ్బలు. గోడవతల నుంచి అన్నీ విన్నాను."

దాఫినా కొమ్మల కట్ట కింద పెట్టేసింది. నిజమే మరి. పొద్దున్నే లేచి జున్ను పెట్టి బానిత్స రొట్టె కాలిస్తే, అత్తగారు ఒక ముక్క కొరికి, "ఇదేం బానిత్సే? పాత చెప్పు నమిలినట్టుంది. మీ అమ్మ నేర్పిన వంట ఇదేనా?" అంది. ఆ మంటతో చెయ్యి కాస్త గట్టిగానే ఆడింది. నిన్నా అంతే, మొన్నా అంతే.

స్తామెన్ మీసం దువ్వుకున్నాడు. "అత్తని కొట్టిన చెయ్యి ఈ ఊళ్లో ఎవరూ పట్టుకోరు. ఇవాళ పండగ హోరోలో నీకు చోటు లేదు."

దాఫినా కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఊరంతా చేయీ చేయీ పట్టుకుని ఆడే ఆటలో చెయ్యి అందని మనిషి, ఊళ్లో ఉన్నా లేనట్టే.

"నోళ్లు ముయ్యండి!"

వెలికా ఒక్క ఉదుటున లేచి నిలబడింది. చలికాలమంతా మంచం దిగాలంటే ఇద్దరు సాయం పట్టాల్సిన మనిషి. చేతిలో కర్ర కూడా లేదు.

"దీనికి జాలెక్కువ. మొదటి రోజు ఈగలు తోలినట్టు తోలింది. అలా తోలితే నొప్పి పోతుందా? అందుకే రోజూ దాని బానిత్సని తిట్టి కోపం తెప్పించాను. ఒట్టు, అంత కమ్మటి బానిత్స నా చేతుల్లోనూ రాదు!"

బయట డోలు మోగింది. వెలికా కోడలి చెయ్యి పట్టుకుని ఊరి నడిబొడ్డుకి నడిచింది. వరస మొదట తాను, పక్కన దాఫినా. రుమాలు గాల్లో తిప్పుతూ పొద్దుగుంకేదాకా ఊరిని ఆడించింది. స్తామెన్ ఆయాసమొచ్చి మధ్యలోనే కూలబడ్డాడు. దాఫినాకి మాత్రం ఆ రోజు ఊరంతా తనదే అనిపించింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. గుమ్మంలో త్సోనా, చంకలో కొప్రివా కట్ట. కుంటుకుంటూ లోపలికొచ్చి, బల్ల మీది బానిత్స ముక్కలన్నీ పొడి కూడా మిగల్చకుండా తినేసింది. మూతి తుడుచుకుని మంచం మీద కూర్చుని, పావడా మోకాళ్ల పైకి లాక్కుంది.

"అమ్మాయ్, నీ బానిత్స బొత్తిగా బాగాలేదే!"